వడ్డించేది మనమే, కడబంతీ మనదే

ఈమధ్య ఎవరి నోట విన్నా ఫైబర్ మాటే. బిస్కెట్ ప్యాకెట్ మీద ఫైబర్, గోధుమపిండి సంచి మీద ఫైబర్, పొద్దున్నే పాలలో కలుపుకొనే పొడి డబ్బా మీద ఫైబర్. మన భాషలో దానికి చక్కటి మాట ఉంది, పీచు. మామిడి టెంకకు పట్టుకుని పళ్లలో ఇరుక్కునే పీచు, ములక్కాడ నమిలి కంచం పక్కన పెట్టే పీచు మనకు కొత్తవి కావు. "పీచు పదార్థం ఎక్కువ తినండి" అని డాక్టర్లు, పత్రికలవాళ్లు, యూట్యూబ్ వాళ్లు అందరూ చెబుతున్నారు. చెప్పేది మంచి మాటే. కానీ వాళ్లెవరూ అడగని ప్రశ్న ఒకటి నా మనసులో చాలాకాలంగా ఉంది. ఇంట్లో వండిన కూర ఎవరు తింటున్నారు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్లలో పీచు కొరత బజారు దగ్గర కంటే వడ్డన దగ్గరే ఎక్కువ. కూరగాయలు ఏరి, కడిగి, తరిగి, వండి, అందరికీ వడ్డించే ఆడమనిషి కంచంలోకే ఆ కూర అందరికన్నా తక్కువ వస్తోంది. దానివల్ల సాయంత్రం నాలుగింటికి వేసే ఆకలిని మనం నోటి చాపల్యం అనుకుని, మనల్ని మనమే తిట్టుకుంటున్నాం.

ముందు పీచు సంగతి చూద్దాం. అన్నం, రొట్టె, పండు, ఏది తిన్నా అందులోని పిండిపదార్థం అరిగి గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. పీచు కూడా మొక్కల నుంచి వచ్చేదే కానీ, దాన్ని అరిగించుకొనే శక్తి మన చిన్నపేగుకు లేదు. అది అలాగే పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడుండే సూక్ష్మజీవులు కొంత తింటాయి, మిగిలింది బయటికి పోతుంది. అరగనిది తిని ఏం లాభం అనిపించవచ్చు. లాభమంతా ఆ అరగకపోవడంలోనే ఉంది.

పీచులో రెండు రకాలున్నాయని మన చేతులకు ఎప్పుడో తెలుసు. బెండకాయ తరుగుతుంటే చేతికి అంటుకునే జిగురు, నానబెట్టిన మెంతుల చుట్టూ చేరే జిగురు, గ్లాసు నీళ్లలో వేసిన ఇసబ్‌గోల్ కాసేపటికే జావలా బిగుసుకోవడం, ఇదంతా ఒక రకం. ఇది నీళ్లతో కలిసి చిక్కబడుతుంది. గోధుమ పొట్టులో, తోటకూర కాడల్లో, జొన్నల్లో ఎక్కువగా ఉండేది రెండో రకం. అది నీళ్లలో కరగదు కానీ నీటిని పట్టి ఉంచుతుంది, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. చాలా కూరగాయల్లో, పప్పుల్లో రెండూ కలిసే ఉంటాయి.

రక్తంలో గ్లూకోజ్ మీద ఎక్కువగా పనిచేసేది జిగురు రకం. కంచంలో చారు ఎంత గబగబా పారుతుందో, ముద్దపప్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. కడుపులోనూ అంతే. తిన్నది చిక్కగా ఉంటే పేగులోకి నెమ్మదిగా దిగుతుంది. పేగులో కూడా గ్లూకోజ్ ఆ చిక్కదనం దాటుకుని రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది. ఒక్కసారిగా వరద రాదు, కాలవ నీరులా వస్తుంది.

దీన్ని బాగా చూపించిన ప్రయోగం ఒకటుంది. డేవిడ్ జెంకిన్స్ అనే ఆయన, ఆయన తోటి పరిశోధకులు కలిసి 1978లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తమంతట తాము ముందుకొచ్చిన వాళ్లను నలుగురి నుంచి ఆరుగురి చొప్పున చిన్న చిన్న జట్లుగా తీసుకుని, 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రక్తంలో ఎంత పెరుగుతోందో చూశారు. ఒకసారి ఉత్త గ్లూకోజ్ ఇచ్చారు, ఇంకోసారి ఏదో ఒక పీచు కలిపి ఇచ్చారు. గోధుమ పొట్టు, పండ్లలో ఉండే పెక్టిన్, గ్వార్ జిగురు, ఇలా కొన్ని రకాలు. అన్నిటికన్నా బాగా పనిచేసింది గ్వార్ జిగురు. ఏది ఎంత చిక్కగా ఉంటే అది అంత బాగా గ్లూకోజ్ పెరుగుదలను తగ్గించింది. అదే గ్వార్‌ను చిక్కదనం పోయేలా చేసి ఇస్తే, ఆ ఫలితమూ పోయింది.

గ్వార్ అంటే ఏదో విదేశీ దినుసు అనుకునేరు. మన గోరుచిక్కుడే. రాజస్థాన్‌లో ఎకరాలకెకరాలు పండించి, ముదిరిన గింజల నుంచి ఈ జిగురు తీస్తారు. ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం కలిపేదీ ఇదే. మనం కూర వండుకునే లేత కాయల్లో ఆ జిగురు అంత ఉండదు, నిజమే. అయినా 100 గ్రాముల గోరుచిక్కుడులో ఇంచుమించు 5 గ్రాముల పీచు ఉంటుంది. పిల్లలు మూతి విరిచే కూరకు ఇంత చరిత్ర ఉందని తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. షుగర్ జబ్బు లేని మనిషిలో క్లోమగ్రంథి తన పని తాను చేసుకుపోతుంది. పరగడుపున 100 లోపు, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 లోపు ఉంటే మామూలే అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూర తిన్నా తినకపోయినా వాళ్ల అంకెలు సాధారణంగా ఆ గీత దాటవు. అందుకని "ఇది తినండి, మీ షుగర్ ఇన్ని పాయింట్లు పడిపోతుంది" అని అందరికీ చెప్పడం సరికాదు. బాగున్నవాళ్లకు తేడా తెలిసేది మీటరు మీద కంటే కడుపులో. ఎంతసేపు నిండుగా ఉంది, మళ్లీ ఎప్పుడు ఆకలి వేసింది అన్న దగ్గర.

దానికీ ఒక పాత ప్రయోగం ఉంది. 1977లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన కెన్నెత్ హీటన్ బృందం లాన్సెట్ పత్రికలో రాసింది. ఏ జబ్బూ లేని పదిమందికి యాపిల్ పండును మూడు రకాలుగా ఇచ్చారు. ఒకసారి కొరుక్కు తినడానికి, ఒకసారి మెత్తటి గుజ్జుగా, ఒకసారి రసంగా. మూడింటిలోనూ పిండిపదార్థం సమానం, 60 గ్రాములు. పండు నమిలి తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులోనే రసం తాగేశారు. రసం తాగినప్పుడు కడుపు నిండిన తృప్తి అన్నిటికన్నా తక్కువ, పండు తిన్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువ, గుజ్జు మధ్యలో.

నన్ను ఆలోచనలో పడేసింది తర్వాతి సంగతి. రక్తంలో గ్లూకోజ్ మూడుసార్లూ దాదాపు ఒకే ఎత్తుకు పెరిగింది. కానీ రసం తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ విడుదలై, ఆ తర్వాత గ్లూకోజ్ ఉండాల్సిన దానికన్నా కిందికి జారిపోయింది. గుజ్జు తిన్నప్పుడు కొంచెం జారింది. పండు తిన్నప్పుడు అలా జారలేదు. ఎక్కడం అందరికీ ఒకటే, దిగడంలోనే తేడా అన్నమాట. అదే పండు, అదే తీపి. పీచు నలిగిందా, తీసేశారా, అలాగే ఉందా అన్నదొక్కటే మారింది.

ఇప్పుడు మన మధ్యాహ్నం భోజనం చూద్దాం. అందరూ వెళ్లిపోయాక, పనులన్నీ అయ్యాక ఏ ఒంటిగంటన్నరకో రెండింటికో కూర్చుంటాం. గిన్నెలో అన్నం బాగానే ఉంటుంది. చారు ఉంటుంది. ఆవకాయ సరేసరి, పెరుగు ఎలాగూ ఉంటుంది. కూర మాత్రం గిన్నె అంచుల మీద ఉంటుంది. ఖాళీ మూకుడులో అన్నం వేసి కలుపుకుంటే ఆ రుచే వేరని మురిసిపోతాం. రుచి నిజమే, కాదనను. నూనె, ఉప్పు, కారం, పోపు అన్నీ అక్కడే ఉంటాయి. బెండకాయ ఒక్కటే ఉండదు.

తెల్లన్నం, చారు, పెరుగు. నమలాల్సిన పని లేదు, పది నిమిషాల్లో లోపలికి జారిపోతుంది. యాపిల్ కథలో ఇది పండు వైపు కాదు, రసం వైపు ఉండే భోజనం. నాలుగింటికల్లా కడుపులో ఏదో వెలితి. టీ పెట్టుకుంటాం, టీతో రెండు బిస్కెట్లు, బిస్కెట్లు చాలక గుప్పెడు కారప్పూస. రాత్రి పడుకునేటప్పుడు "రేపటినుంచి మానేయాలి, నాకు బొత్తిగా నోరు కట్టుకోవడం రాదు" అనుకుంటాం. నోటిని తిడతాం తప్ప మధ్యాహ్నం కంచాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఇది ఊరికే అనుకోవడం కాదని తేల్చుకోవడానికి ఒక వారం లెక్క రాశాను. మా అమ్మాయి కేకులు చేస్తానని కొనుక్కున్న చిన్న త్రాసు ఒకటి వంటింట్లో ఉంది. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే, ఆ గళ్లలోనే కూర లెక్కా వేశాను. ఇంట్లో ఐదుగురం. మధ్యాహ్నానికి అరకిలో కూరగాయ వండితే చెత్త పోయి, ఉడికి, వేగి నాలుగు వందల గ్రాములు తేలుతుంది. మావారి డబ్బాలోకి 140 దాకా వెళ్లింది. పిల్లల డబ్బాల్లోకి 90 చొప్పున. అత్తయ్యగారికి పన్నెండున్నరకు 70. నా కంచంలోకి ఏ రోజూ 40 దాటలేదు. రెండు రోజులు సున్న. ఇంట్లో ఎవరూ గిన్నె లాక్కోలేదు. అత్తయ్యగారైతే "నీకుంచుకున్నావా అమ్మా?" అని అడుగుతూనే ఉంటారు, "ఉందిలెండి అత్తయ్యా" అన్న జవాబు కూడా ఇంటింటా ఒకటే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. మన ఇళ్లలో వడ్డించేది మనమే, కడబంతిలో కూర్చునేదీ మనమే. అయినా మన దాకా కూర రాదు. ఆ సామెత కట్టినవాళ్లు వంటింట్లోకి తొంగి చూసినట్టు లేరు.

ఇప్పుడు ఎంత కావాలో, ఎంత అందుతోందో చూద్దాం. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూరగాయలే 400 గ్రాములు, పండ్లు ఇంకో 100 గ్రాములు. ఆ లెక్కన ఐదుగురి ఇంటికి రోజుకు రెండు కిలోల కూరగాయలు కావాలి. పూటకు అరకిలో వండే ఇళ్లలో అందులో సగమే వస్తుంది. ఆ సగంలోంచి ఆఖరి కంచానికి మిగిలేది ఎంతో చెప్పనక్కర్లేదు.

ఆ సంస్థవాళ్లే మన ఆహారపదార్థాల్లో ఏమేం ఉన్నాయో పెద్ద పట్టిక తయారుచేశారు. దాని ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు. జొన్నల్లో 10, రాగుల్లో 11, గోధుమపిండిలోనూ 11 దాకా. కందిపప్పులో 9, పొట్టు పెసల్లో 17, నల్ల శనగల్లో 25. మునగాకులో 8, జామపండులో 8 పైన. ఇప్పుడు ఆఖరి కంచం లెక్క వేయండి. పూటకు 100 గ్రాముల బియ్యం, ఒక గరిటె పప్పు, రెండు చెంచాల కూర. అన్నీ కలిపితే 6 గ్రాములు. రెండు పూటలా 12, పొద్దున ఇడ్లీలకు ఇంకో మూడు. 15 దగ్గర ఆగిపోయాం. పాలు, పెరుగు, నెయ్యి, నూనె, గుడ్లు, మాంసం ఎంత తిన్నా వాటిలో పీచు ఉండదు. మిగతా 10 గ్రాములు రావాల్సింది ఆ ఖాళీ అయిన కూరగిన్నె నుంచే.

"జబ్బేమీ లేనప్పుడు ఈ గొడవంతా ఎందుకు?" అని అడగవచ్చు. 2023లో భారతీయ వైద్య పరిశోధన మండలి వాళ్ల పెద్ద సర్వే వెలువడింది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారని అందులో తేలింది. ఆ గుమ్మంలో ఉన్న చాలామందికి తాము అక్కడున్న సంగతే తెలియదు, ఎందుకంటే ఒంట్లో ఏ బాధా ఉండదు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద సమీక్షలో, పీచు బాగా తినేవాళ్లలో షుగర్, గుండెజబ్బు, పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించాయి. రోజుకు 25 నుంచి 29 గ్రాములు తినేవాళ్ల దగ్గర ఆ మేలు స్పష్టంగా ఉంది. పీచు తినేవాళ్లు మిగతా అలవాట్లలో కూడా జాగ్రత్తపరులై ఉండవచ్చు కాబట్టి మొత్తం ఘనత పీచుకే కట్టబెట్టలేం. అయినా, వండిన కూరే మనమూ తినడానికి ఇంతకన్నా పెద్ద కారణం కావాలా?

ఈ మాట అంటే నాకు వినిపించే జవాబులు కొన్ని ఉన్నాయి. మొదటిది, "మా అమ్మమ్మలు పచ్చడి మెతుకులు తిని నూరేళ్లు బతకలేదా?" ఆ మెతుకులు ఏమిటో కూడా చూడాలి. తెలంగాణలో, రాయలసీమలో మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, జొన్న సంకటి, రాగి సంగటి రోజువారీ తిండి. వరి అన్నం చాలా ఇళ్లలో పండగనాటి మాట. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరి అన్నం అందరి ఇంటికీ చేరింది. ఆకలి తీర్చిన ఆ అన్నాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ జొన్నరొట్టె తీసి తెల్లన్నం పెట్టినప్పుడు కంచంలోంచి మూడు వంతుల పీచు కూడా వెళ్లిపోయింది. పచ్చడి మాత్రం అలాగే ఉంది. పైగా ఆ పచ్చళ్లు కూడా ఊరికే ఉప్పూకారం కాదు. బీరపొట్టు పచ్చడి, సొరతొక్కు పచ్చడి, గోంగూర పచ్చడి. మనం చెత్తబుట్టలో వేసే తొక్కలు వాళ్ల కంచంలో ఉండేవి.

రెండోది, "ఫైబర్ పొడి కలుపుకుని తాగుతున్నాం కదా." తాగండి, తప్పేం లేదు. ఇసబ్‌గోల్ లాంటివి మలబద్ధకానికి పనిచేస్తాయి. కానీ ఆకలి తగ్గుతుందని చెప్పి అమ్మే పొడుల విషయంలో జాగ్రత్త. 2013లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు, పీచు ఇచ్చి ఆకలి కొలిచిన ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, పదింట నాలుగింటిలోనే ఆకలి తగ్గినట్టు తేలింది. అన్ని పీచులూ ఒకటి కావు. ఒక చెంచా పొడి గ్లాసులో కలిసిపోతుంది, గుక్కలో అయిపోతుంది. గిన్నెడు చిక్కుడుకాయ కూరను నమలాలి, దానికి బరువుంది, కడుపులో చోటు పడుతుంది. పీచుతో పాటు ఇవన్నీ కలిసే కడుపు నింపుతాయి. పొడి డబ్బా ధరకు వారం కూరగాయలు వస్తాయి.

మూడోది, "కూరగాయల ధరలు చూస్తున్నారా?" చూస్తున్నాను. ప్రతి ఆదివారం రైతుబజారులో బేరం ఆడేది మనమే కదా. అందుకే చవకైన వాటి పేర్లే చెబుతాను. తోటకూర, బచ్చలి, దోసకాయ, సొరకాయ, పెరట్లో ఉంటే మునగాకు, అరటి దూట. వీటికి తోడు శనగలు, బొబ్బర్లు, ఉలవలు. రాత్రి నానబోసిన గుప్పెడు నల్ల శనగలు, అంటే 30 గ్రాములు, సాయంత్రం గుగ్గిళ్లు చేసుకుంటే 7 గ్రాముల పీచు అక్కడే వచ్చింది. రెండు బిస్కెట్లు, కారప్పూస చోట అవి పెట్టి చూడండి, రాత్రి భోజనం దాకా కడుపు అడగదు. పెసరట్టు పొట్టు పెసలతో వేసేదే కాబట్టి ఇడ్లీ, ఉప్మా కన్నా ఆ పూటకు అది మేలు. జామకాయ అయితే ముక్కలు కోసి ఉప్పూకారం చల్లుకుని తినాలి, మిక్సీలో వేసి వడకట్టకూడదు. యాపిల్ కథ మర్చిపోవద్దు.

నాలుగోది నిజమైన ఇబ్బంది. "కూర ఎక్కువ తింటే గ్యాస్ పట్టేస్తోంది." అవును, పట్టవచ్చు. ఇన్నాళ్లూ 15 గ్రాములకు అలవాటైన పేగుకు ఒక్కరోజులో 35 ఇస్తే అది గోల చేస్తుంది. వారానికి కాస్త చొప్పున పెంచాలి, మంచినీళ్లు బాగా తాగాలి. షుగర్ మందులు వాడుతున్నవాళ్లు, పేగు జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగే మార్చుకోవాలి. నేను చెబుతున్నది ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ల గురించి.

ఇంకో చిన్న సంగతి, ఖర్చు లేనిది. తినే వరస. ముందు కూర కొంత ఉత్తినే తిని, తర్వాత అన్నంలోకి వస్తే, భోజనం తర్వాత గ్లూకోజ్ పెరుగుదల తగ్గుతుందని జపాన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ చేసిన పరిశోధనల్లో కనబడింది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ తేడా ఎక్కువ, లేనివాళ్లలో తక్కువ. మన భోజనంలో మొదటి ముద్దే అన్నంతో మొదలవుతుంది కాబట్టి ఇది కొంచెం వింతగా ఉంటుంది. కానీ కూర ఉంటేనే కదా, ముందా వెనకా అన్న ప్రశ్న.

అందుకే నేను చెప్పే మొదటి నియమం వంట గురించి కాదు. కూర దించగానే, డబ్బాలు సర్దకముందే, మన వంతు వేరే గిన్నెలోకి తీసి మూత పెట్టాలి. అందరికీ ఎంతో మనకూ అంతే. ఎక్కువ అక్కర్లేదు, తక్కువ వద్దు. ఎవరైనా అనుకోకుండా వస్తే, పిల్లవాడు ఇంకొంచెం అడిగితే, ఆ గిన్నె ముట్టుకోకూడదు. గుడ్డు అట్టు వేయండి, పప్పుల పొడి వేయండి, ఏదైనా చేయండి. ఇలా తీసి పెట్టుకోవడం మొదట్లో దొంగతనం చేస్తున్నట్టు ఉంటుందని నాతో ఒక స్నేహితురాలు అంది. మన వంటింట్లో, మనం వండిన కూర, మన వంతు దాచుకోవడం దొంగతనంలా అనిపిస్తోందంటే, మనకు ఎంత చిన్నప్పటినుంచి ఈ పాఠం నేర్పారో చూడండి. "ఆడపిల్లవి, సర్దుకోవాలి" అన్నప్పుడు సర్దుకున్నది ఎప్పుడూ కూర దగ్గరే, అన్నం దగ్గర కాదు. అన్నం ఎంతైనా పెట్టారు.

రెండో నియమం, కొలత పెంచడం. అరకిలో వండే చోట ముప్పావు కిలో వండితే, తరగడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు మనవి ఒక్కరివే ఎందుకు కావాలి? చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, తోటకూర ఏరడం టీవీ చూస్తూ ఎవరైనా చేయగలరు. మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఆ పళ్లెం మధ్యలో పెడితే నాలుగు చేతులు పడుతున్నాయి. మొదట్లో గొణుగుడు ఉండేది, ఇప్పుడు కబుర్లున్నాయి.

మూడోది పిల్లలకు నేర్పాల్సింది, ముఖ్యంగా మగపిల్లలకు. "అమ్మా, ఇంకొంచెం కూర వేయి" అనే ముందు గిన్నెలోకి ఒకసారి చూసి, "ఇంకా ఎవరు తినాలి?" అని అడగడం. మూడు మాటలే. రేపు వాడు పెళ్లి చేసుకున్నాక, ఆ ఇంట్లో వండేది ఎవరైనా, ఈ ప్రశ్న అడిగే మనిషి బల్ల దగ్గర ఉంటే ఇంకో ఆడపిల్ల ఖాళీ మూకుడులో అన్నం కలుపుకోవాల్సిన అవసరం రాదు.

మీరూ ఒక వారం క్యాలెండర్ మీద రాసి చూడండి. త్రాసు అక్కర్లేదు, గరిటెల లెక్క చాలు. ఎవరికి ఎన్ని గరిటెలు, మీకు ఎన్ని. ఆదివారం సాయంత్రం ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ చూపించండి. పోట్లాట అవసరం లేదు, అంకెలు చూస్తే వాళ్లకే అర్థమవుతుంది. సోమవారం నుంచి ముప్పావు కిలో తరగండి, మీ గిన్నె ముందు పక్కన పెట్టండి.